పిల్లలకు నలుగురిలో మెలగడం ఎలా అబ్బుతుంది, ఎక్కడ తడబడతారు?

ఇంట్లో గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెప్పే పిల్ల తరగతిలో నోరు విప్పదు. ఇంట్లో చెప్పినట్టు వినే పిల్లవాడి మీద బడి నుంచి వారానికో ఫిర్యాదు వస్తుంది. ఇద్దరికీ పెద్దవాళ్లు చెప్పే మాట మాత్రం ఒకటే: "అందరితో కలిసిమెలిసి ఉండాలి నాన్నా." ఈ మాటలో తప్పేమీ లేదు. కానీ దీన్ని పట్టుకుని రేపు పొద్దున బడిలో ఏం చేయాలో పిల్లలకు తెలియదు. కలిసిమెలిసి ఉండటమంటే రెండు మూడు సెకన్లలో వరసగా జరిగిపోయే అరడజను పనులు. వాటిలో ఏది తప్పుతోందో చూడకుండా చెప్పే బుద్ధులన్నీ చీకట్లో రాయి వేయడమే.

ఒక్క తోపు, ఆరు మెట్లు

వరసలో నిలబడిన పిల్లవాడికి వెనక నుంచి తోపు తగిలింది, చేతిలో నీళ్ల సీసా కింద పడింది. ఆ తర్వాత వాడి బుర్రలో జరిగేదాన్ని నికీ క్రిక్, కెన్నెత్ డాడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1994లో ఆరు మెట్లుగా విడదీసి చూపించారు. మొదటిది గమనించడం: వాడు చూసింది తోసినవాడి ముఖాన్నా, పడిన సీసానా, పక్కన నవ్వుతున్నవాళ్లనా? రెండోది అర్థం చెప్పుకోవడం: కావాలనే తోశాడా, కాలు జారిందా? మూడోది తనకేం కావాలో తేల్చుకోవడం: సీసా దొరికితే చాలా, వాడికి బుద్ధి చెప్పాలా? నాలుగోది చేయదగిన పనులు తోచడం. ఐదోది వాటిలో ఒకటి ఎంచుకోవడం. ఆరోది దాన్ని చేసి చూపించడం.

ఇద్దరు పిల్లలు తిరగబడి కొట్టారనుకుందాం. చూసేవాళ్లకు ఇద్దరూ దురుసు పిల్లలే. మొదటివాడు రెండో మెట్టు దగ్గర తప్పాడు. పొరపాటున తగిలినదాన్ని కూడా కావాలని చేసిందిగా చదివాడు. ఇలా చదివే అలవాటు దూకుడుగా ఉండే పిల్లల్లో ఎక్కువని డాడ్జ్ పరిశోధనల్లో పదేపదే తేలింది. రెండోవాడికి అది పొరపాటేమో అన్న అనుమానం వచ్చింది, కానీ కొట్టడం తప్ప వేరే దారి తోచలేదు. వాడు తప్పింది నాలుగో మెట్టు దగ్గర. మొదటివాడికి సాయంత్రం తీరిగ్గా కూర్చుని "వాడు ఎందుకు తోసి ఉండొచ్చు? మూడు కారణాలు చెప్పు" అనే ఆట ఆడించాలి. రెండోవాడికి నోట్లో మాట పెట్టాలి: "చూసుకో, నా సీసా పడింది", "అది తీసివ్వు" అని గట్టిగా, కోపం లేకుండా అనడం రిహార్సల్ చేయించాలి. ఒకరికి ఇవ్వాల్సిన శిక్షణ ఇంకొకరికి ఇస్తే నెల తిరిగినా మార్పు రాదు. అప్పుడు పెద్దవాళ్లు "ఎంత చెప్పినా వినడు" అనేస్తారు.

మూడో రకం కూడా ఉంది. అడిగితే ఆరు మెట్లూ సరిగ్గా చెబుతారు, సమయానికి ఒక్కటీ చేయలేరు. ఇది తెలియకపోవడం వల్ల వచ్చిన చిక్కు కాదు. ఆవేశాన్ని ఆపుకునే పని చూసే మెదడు ముందుభాగం ఇరవై ఏళ్లు దాటాక గానీ పూర్తిగా పరిణతి చెందదు. ఆకలి, నిద్రలేమి, గోల తోడైతే ఉన్న కాస్త నిగ్రహమూ జారిపోతుంది. ఇలాంటి పిల్లలకు ఇంకో పాఠం చెప్పి లాభం లేదు. గొడవ ఏ వేళకు, ఏ చోట వస్తోందో కనిపెట్టి ఆ పరిస్థితిని మార్చాలి. భోజనానికి ముందు గంటలోనే గొడవలవుతుంటే ఆ గంట కంటే ముందే ఏదైనా తినిపించడం నీతిబోధ కంటే బాగా పనిచేస్తుంది.

ఇంట్లో మొదటి నాలుగేళ్లు

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పసిబిడ్డ మనిషి ముఖం చూసి నవ్వడం మొదలుపెడుతుంది. కొద్ది నెలలకే ఆ నవ్వుకు జవాబు రావాలని ఎదురుచూస్తుంది. 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ చేసిన ప్రయోగంలో తల్లులు బిడ్డతో కాసేపు మామూలుగా ఆడి, తర్వాత కొద్ది నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డనే చూస్తూ కూర్చున్నారు. పిల్లలు నవ్వి చూశారు, చేతులు చాచారు, అరిచారు, చివరికి ముఖం తిప్పేసుకున్నారు. తానొకటి పంపితే అవతలి నుంచి ఒకటి వస్తుందన్న నమ్మకం మీదే తర్వాతి సంభాషణలన్నీ నిలబడతాయి. ఇంట్లో చేయాల్సింది చాలా చిన్న పని. బిడ్డ ఏదైనా శబ్దం చేస్తే జవాబిచ్చి, ఓ ఐదు సెకన్లు ఆగండి. ఆ ఖాళీలోనే బిడ్డకు తన వంతు దొరుకుతుంది. ప్రేమ కొద్దీ ఆపకుండా మాట్లాడే పెద్దవాళ్లు తెలియకుండానే ఆ వంతు లాగేసుకుంటారు. ఎవరూ చూడకపోయినా టీవీ మోగుతూ ఉండే గదిలో పెద్దలు పిల్లలతో ఆడే మాటలు తగ్గిపోతాయి కాబట్టి, చూడనప్పుడు దాన్ని కట్టేయడం మంచిది.

తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య ఇంకో మలుపు వస్తుంది. పిల్లలు వస్తువు వైపు చూసి, మన వైపు చూసి, మళ్లీ వస్తువు వైపు చూస్తారు. వేలు పెట్టి చూపిస్తారు. ఆ వస్తువు కావాలని కాకపోయినా, "నువ్వూ చూడు" అనడానికి. మాట కంటే ముందే వచ్చే ఈ పంపకం చాలా విలువైనది. చూపించినదాని పేరు చెప్పి, రెండు ముక్కలు మాట్లాడితే చాలు.

ఏడాదిన్నర పిల్లలకు సాయం చేయాలనే తపన ఎవరూ నేర్పకుండానే ఉంటుంది. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో 2006లో ప్రచురించిన పరిశోధనలో పద్దెనిమిది నెలల పిల్లలు, ఎదుటి మనిషి జారవిడుచుకుని అందుకోలేకపోతున్న వస్తువును తామే తీసి ఇచ్చారు. రెండేళ్ల తర్వాత ఆ ఇద్దరే ఇంకో సంగతి చూపించారు: సాయానికి బదులుగా వస్తువు బహుమతిగా అందుకున్న పిల్లలు తర్వాత బహుమతి ఆగిపోయినప్పుడు మిగతావాళ్ల కంటే తక్కువ సాయం చేశారు. ఉతికిన బట్టలు అందించిన పిల్లకు లంచంగా ఏదో పెట్టడం కంటే "నువ్వు అందించావు కాబట్టి పని తొందరగా అయిపోయింది" అని జరిగింది జరిగినట్టు చెప్పడం మేలు. పని సగం పాడైనా చేయనివ్వాలి. అడ్డం రావద్దని రెండేళ్లప్పుడు పక్కకు నెట్టి, పదేళ్లప్పుడు పని ముట్టుకోవడం లేదని బాధపడే ఇళ్లు చాలానే ఉంటాయి.

రెండేళ్ల వయసులో పెద్దలకూ పిల్లలకూ ఎక్కువ పేచీ తెచ్చేది పంచుకోవడం. "నాది" అన్న భావన అప్పుడే గట్టిపడుతోంది. ఇచ్చినది తిరిగి వస్తుందన్న లెక్క ఇంకా అందలేదు. చేతిలోది లాక్కుని ఇంకో బిడ్డకు ఇచ్చేస్తే పిల్లలు నేర్చుకునేది ఔదార్యం కాదు, బలమున్నవాళ్లు లాక్కోవచ్చు అన్నది. "నీ ఆట అయ్యాక తనకు ఇస్తావా?" అని అడిగి, అయ్యేదాకా ఆగి, ఇచ్చిన క్షణాన "చూడు, ఎంత సంబరపడుతోందో" అని ఎదుటి ముఖం చూపించండి. ఆగే బిడ్డ పక్కన కూర్చుని ఆగడానికి సాయం చేయాలి. ఆ వయసుకు ఒకటి రెండు నిమిషాలు ఆగడమే పెద్ద పని. ఇంటికి వేరే పిల్లలు వచ్చే ముందు ఎవరికీ ఇవ్వలేని ఒకటి రెండు బొమ్మలు పిల్లలచేతే లోపల పెట్టించి, ఒకే రకం బొమ్మలు రెండేసి బయట ఉంచితే సగం గొడవలు పుట్టవు.

పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటుంటే చాలామంది కంగారు పడతారు. అక్కర్లేదు. మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో ప్రచురించిన పరిశీలనలో రెండు నుంచి ఐదేళ్ల లోపు పిల్లల ఆటను రకాలుగా విడదీశారు: ఊరికే తిరగడం, ఒంటరి ఆట, ఇతరుల ఆట చూడటం, పక్కపక్కన ఆడటం, అటూ ఇటూ వస్తువులు మార్చుకుంటూ ఆడటం, ఒకే లక్ష్యంతో కలిసి ఆడటం. వయసుతో చివరి రెండూ పెరుగుతాయి, కానీ మొదటివి మాయం కావు. ఆరేళ్ల పిల్ల గంటసేపు ఒక్కతే బొమ్మలు గీసుకుంటే అది లోపం కాదు. కలవాలని ఉండి కలవలేకపోతోందా, లేక ఒక్కతే హాయిగా ఉందా అన్నదే చూడాలి.

నాలుగేళ్ల ప్రాంతంలో జరిగే మార్పు అన్నిటికంటే పెద్దది. హైన్జ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ 1983లో పిల్లలకు ఒక చిన్న కథ చెప్పి పరీక్షించారు. ఒక పిల్లవాడు చాక్లెట్ ఒక అల్మారాలో పెట్టి బయటికి వెళ్తాడు. వాడు లేనప్పుడు తల్లి దాన్ని ఇంకో అల్మారాలోకి మారుస్తుంది. వాడు వచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు ఎక్కువమంది చాక్లెట్ ఇప్పుడు ఎక్కడుందో అక్కడే వెతుకుతాడంటారు. తమకు తెలిసింది వాడికి తెలియదన్న సంగతి వాళ్లకు తట్టదు. నాలుగు, ఐదేళ్ల మధ్య ఇది అందుతుంది. అందుకే మూడేళ్ల పిల్లను "తన స్థానంలో ఉండి ఆలోచించు" అనడం వృథా. "చూడు, చెల్లి ఏడుస్తోంది. నువ్వు లాగావు, చెయ్యి నొప్పి పుట్టింది" అని కంటికి కనబడేదానితో కలిపి చెబితే అందుతుంది.

ఈ మార్పుకు ఇంటి మాటలు తోడ్పడతాయి. మూడేళ్లప్పుడు ఇంట్లో మనసులోని భావాల గురించి ఎక్కువ మాటలు విన్న పిల్లలు, ఆరేళ్లు వచ్చాక ఎదుటివారి భావాలను మెరుగ్గా పోల్చుకున్నారని జూడీ డన్ బృందం 1991లో చూపించింది. ప్రత్యేకంగా తరగతులు పెట్టనక్కర్లేదు. "తాతయ్య కళ్లజోడు పోయిందనుకున్నారు, అందుకే చిరాకు పడ్డారు" లాంటి వాక్యాలు రోజూ నాలుగు దొర్లితే సరి.

తోబుట్టువుల గొడవలో తీర్పు చెప్పకండి

"ముందు ఎవరు మొదలుపెట్టారు?" అన్న ప్రశ్నతో పెద్దవాళ్లు న్యాయమూర్తులవుతారు, పిల్లలు వకీళ్లవుతారు. గెలవడం నేర్చుకుంటారు గానీ సర్దుకోవడం నేర్చుకోరు. కెనడాలో హిల్డీ రాస్ బృందం ఐదు నుంచి పదేళ్ల పిల్లలున్న ఇళ్లలో తల్లులకు మధ్యవర్తిత్వం నేర్పి చూసింది. ఆ పిల్లలు గొడవల్లో ఒకరి వైపు ఒకరు వినడం, తామే ఒప్పందానికి రావడం పెరిగింది. పద్ధతి ఇది. ముందు నియమం: ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాలి, తిట్టకూడదు. తర్వాత గొడవ దేని మీదో ఇద్దరిచేతా చెప్పించాలి. ఆపైన ఒకరికి ఎలా అనిపించిందో ఇంకొకరిచేత చెప్పించాలి: "అక్క ఏమంది? నీ మాటల్లో చెప్పు." చివరికి దారులు వాళ్లనే అడగాలి, ఇద్దరూ ఒప్పుకున్నదాన్ని అమలు చేయాలి.

ఎక్కడ చెడుతుందంటే, చాలాసార్లు తొందరలో. ఏడుపు తగ్గకముందే మొదలుపెడితే ఎవరి మాటా ఎవరికీ ఎక్కదు. ముందు పది నిమిషాలు విడివిడిగా ఉంచాలి. ఒకరికి ఎలా అనిపించిందో ఇంకొకరిచేత చెప్పించే పని దాటేసి నేరుగా పరిష్కారానికి వెళ్తే రేపు అదే గొడవ. దారి మీరే సూచిస్తే అది మీ తీర్పే అవుతుంది. ఒకరు ఇంకొకరిని గాయపరుస్తున్నా, వయసులో, బలంలో బాగా తేడా ఉండి ఒకరే ఎప్పుడూ నలుగుతున్నా మధ్యవర్తిత్వం పనికిరాదు. అక్కడ ఆపడమే పని.

బలవంతపు "సారీ" గురించి ఒక మాట. అది అనిపించుకున్న పెద్దవాళ్లకు తృప్తి, అన్నవాళ్లకు కోపం, విన్నవాళ్లకు ఏమీ లేదు. దానికంటే చేతితో సరిదిద్దించడం మంచిది: కూల్చిన ఇల్లు మళ్లీ కట్టడంలో సాయం, చింపిన కాగితానికి అతుకు. అది చేస్తున్నప్పుడు మాట తనంతట తానే వస్తుంది.

ఇంటి చదువు బడిలో ఎందుకు చాలదు

ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలకు అనుగుణంగా వంగుతారు. సగం మాటే అంటే మిగతా సగం పూరిస్తారు, ఆటలో కావాలని ఓడిపోతారు, అలిగితే బుజ్జగిస్తారు. బడిలో తోటి పిల్లలు ఇవేవీ చేయరు. అలిగితే ఆట ఆగదు, అలిగినవాళ్లు లేకుండా సాగుతుంది. అందుకే ఇంటి నుంచి మంచి పునాదితో వచ్చిన పిల్లలు కూడా బడిలో కొన్ని పనులు కొత్తగా నేర్చుకోవాల్సిందే. వాటిలో కష్టమైనది, ఎవరూ నేర్పనిది, జరుగుతున్న ఆటలోకి చేరడం.

మార్థా పుటలాజ్, జాన్ గాట్‌మన్ 1981లో దీన్ని దగ్గర నుంచి పరిశీలించారు. తోటివారికి అంతగా నచ్చని పిల్లలు ఆటలోకి రాగానే ఎదురు చెప్పారు, తమ గురించి, తమ అభిప్రాయాల గురించి మాట్లాడారు, ప్రశ్నలు వేశారు. అవన్నీ ఆటను తమ వైపు తిప్పే ప్రయత్నాలే. అవతలివాళ్లు పట్టించుకోలేదు, లేదా పొమ్మన్నారు. సులువుగా చేరే పిల్లలు ముందు దగ్గరగా నిలబడి చూస్తారు. ఏం ఆట, ఎవరు ఏ పాత్ర అన్నది పట్టుకుంటారు. పక్కనే అదే పని మొదలుపెడతారు. ఆటలో విరామం వచ్చినప్పుడు ఆటకు పనికొచ్చే చిన్న మాట అంటారు: "బంతి నేను తెస్తా", "ఆ గోడకు ఇంకో ఇటుక కావాలి." "నేనూ రానా?" అని అడగడంలో తప్పు లేదు గానీ, దానికి "వద్దు" అనడం చాలా తేలిక. చేరిన మొదటి ఐదు నిమిషాలు నియమాలు మార్చమని అడగకూడదని కూడా చెప్పి పెట్టాలి.

ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఆడుతూ, పిల్ల చేరే సాధన చేయించవచ్చు. మూడుసార్లలో ఒకసారి కావాలనే "ఇప్పుడు కాదు" అనండి. కాదన్నప్పుడు ఏం చేయాలో కూడా సాధనలో భాగమే: "సరే, తర్వాత వస్తా" అని ఇంకో జట్టు వైపు నడవడం. అందరూ మెచ్చే పిల్లలను కూడా తోటివారు తరచు కాదంటారు. వాళ్లు దాన్ని ఆ ఆటకే పరిమితంగా తీసుకుంటారు, తమ మీద తీర్పుగా తీసుకోరు.

తరగతిలో ఒంటరిగా కనబడే పిల్లలంతా ఒకటి కాదు. ఎవరు ఇష్టం, ఎవరు అయిష్టం అని తోటివారిని అడిగి జాన్ కోయీ, డాడ్జ్ బృందం 1982లో పిల్లల స్థానాలను వర్గీకరించింది. కొందరిని ఎవరూ పేరు పెట్టి ఇష్టమనరు, అయిష్టమనీ అనరు. వాళ్లు కంటికి ఆనలేదంతే. కొందరిని చాలామంది వద్దంటారు. మొదటివాళ్లకు ఒక్క మంచి స్నేహం దొరికితే పరిస్థితి మారిపోతుంది. రెండోవాళ్ల విషయం ఏళ్ల తరబడి సాగే ప్రమాదం ఉంది కాబట్టి ముందుగా పట్టించుకోవాలి. టీచర్లు ఇది తెలుసుకోవడానికి అయిష్టం ప్రశ్న అడగకపోవడమే మంచిది. "ఎవరి పక్కన కూర్చోవాలని ఉంది? మూడు పేర్లు రాసి నాకు ఇవ్వండి" అంటే చాలు, ఎవరి పేరూ రాని పిల్లలు ఎవరో తెలుస్తుంది.

బిడియపడే పిల్లలను క్లాసులో అందరికంటే చలాకీ పిల్ల పక్కన కూర్చోబెట్టడం మామూలుగా చేసే పని. ఓపికగా, నెమ్మదిగా ఉండే పిల్ల పక్కన కూర్చోబెడితే మేలు. 1979లో విల్లార్డ్ హార్టప్ బృందం చిన్న పిల్లల మీద చేసిన ప్రయోగంలో, ముడుచుకుపోయే పిల్లలకు తమ కంటే చిన్నవాళ్లతో పదిసార్లు జతగా ఆట ఆడించినప్పుడు చొరవ బాగా పెరిగింది. చిన్నవాళ్లతో ఆడేటప్పుడు దారి చూపే అవకాశం వాళ్లకు దొరికింది.

"నలుగురూ కలిసి చేయండి" అంటే సరిపోదు

గ్రూప్ వర్క్ ఇస్తే సహకారం దానంతటదే వస్తుందనుకోవడం పొరపాటు. ఒకరు చేస్తారు, ఇద్దరు చూస్తారు, ఒకరు అల్లరి చేస్తారు. ఒకరి పని లేకుండా ఇంకొకరి పని పూర్తికాని ఏర్పాటు కావాలి. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో, తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాలున్న పిల్లలు కొత్తగా ఒకే తరగతుల్లోకి వచ్చి గొడవలు పడుతున్నప్పుడు ఎలియట్ ఆరన్సన్ ఇలాంటి ఏర్పాటే చేశారు. ఐదారుగురితో జట్లు. పాఠాన్ని అన్నే ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తారు. అన్ని జట్లలోంచీ ఒకే ముక్క వచ్చినవాళ్లు కూడి చర్చించుకుని, తిరిగి తమ జట్టుకు వెళ్లి బోధిస్తారు. పరీక్ష మొత్తం పాఠం మీద ఉంటుంది. కాబట్టి తడబడుతూ చెప్పే పిల్లను వెక్కిరిస్తే నష్టం తమకే. ఓపిగ్గా ప్రశ్నలడిగి రాబట్టుకోవాలి. సమయం చాలదని మధ్యలోని చర్చ ఎగరగొడితే ఏర్పాటు మొత్తం కూలుతుంది. బలహీనంగా చదివే పిల్లలు సిద్ధపడేది అక్కడే.

2011లో జోసెఫ్ డర్లాక్ బృందం, భావాలను అదుపులో పెట్టుకోవడం, తోటివారితో మెలగడం నేర్పే 213 బడి కార్యక్రమాలను, సుమారు 2,70,000 మంది విద్యార్థుల ఫలితాలను కలిపి చూసింది. ప్రవర్తన మెరుగవడంతో పాటు చదువులోనూ సగటున 11 పర్సంటైల్ పాయింట్ల (వందమందిని మార్కుల వరసలో నిలబెడితే పదకొండు స్థానాలు ముందుకు జరిగినంత) మెరుగుదల కనిపించింది. మెట్టు మెట్టుగా సాగినవి, చేయించి నేర్పినవి, దీనికంటూ సమయం కేటాయించినవి, ఏ నైపుణ్యమో ముందే తేల్చుకున్నవి బాగా పనిచేశాయి. గోడ మీద సూక్తులు, ప్రార్థనలో ఉపన్యాసాలు ఈ లెక్కలోకి రావు. ఇంకొకటి గట్టిగా చెప్పాలి: తప్పు చేసిన పిల్లలకు శిక్షగా ఇంటర్వెల్ ఆపేయకండి. తోటివారితో మెలగడం ఎవరికి రాలేదో, వాళ్లకే సాధన చేసే ఆ పదిహేను నిమిషాలు లేకుండా పోతాయి.

వేధింపు వేరే విషయం. కావాలని, పదేపదే, బలంలో తేడాను వాడుకుని చేసే హానిని నార్వే పరిశోధకుడు డాన్ ఓల్వేయస్ వేధింపుగా నిర్వచించారు. దాన్ని ఇద్దరి మధ్య తగాదాగా చూసి ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేస్తే బాధపడే బిడ్డకు రెండోసారి అన్యాయం జరుగుతుంది. "నువ్వు కాస్త ధైర్యంగా ఉండు" అనడమూ అంతే. కెనడా బడుల ఆటస్థలాల్లో తీసిన వీడియోల మీద 2001లో వచ్చిన పరిశోధన ప్రకారం 88 శాతం సందర్భాల్లో చుట్టూ తోటి పిల్లలున్నారు. వాళ్లు కల్పించుకున్నప్పుడు సగం కంటే ఎక్కువసార్లు వేధింపు పది సెకన్లలోపే ఆగింది. కాబట్టి చూసేవాళ్లకు నేర్పాలి: నవ్వకపోవడం, "రా, మనం వెళ్దాం" అని ఆ బిడ్డను పక్కకు తీసుకురావడం, పెద్దవాళ్లకు చెప్పడం. ఎవరినో ఇరికించడానికి చెబితే చాడీ అనీ, ఎవరినో కాపాడటానికి చెబితే సాయం అనీ ముందే విడమరిచి చెబితే పిల్లలు చెప్పడానికి జంకరు.

ఇల్లూ బడీ మాట్లాడుకునేటప్పుడు

"మా పిల్ల ఎలా ఉంటోంది?" అని టీచర్‌ని అడిగితే "బాగానే ఉంది" అనే జవాబే వస్తుంది. ఎక్కడ, ఏ వేళకు, ఎవరితో, గొడవకు ముందు నిమిషంలో ఏం జరిగింది అని అడగండి. రెండు వారాలు రాసి పెట్టమంటే తరచు ఒక తీరు బయటపడుతుంది. అప్పుడు ఒక్క నైపుణ్యం ఎంచుకుని ఇంట్లో, బడిలో ఒకే మాటలతో నెల రోజులు సాధన చేయించండి. ఇంట్లో "ఆగి అడుగు", బడిలో "చెయ్యెత్తు" అంటే పిల్లలకు అవి రెండు వేరే పాఠాలు.

అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి గమనించిన పిల్లల్లో దాదాపు 15 శాతం మంది కొత్త చోటికి నెమ్మదిగా అలవాటుపడే స్వభావం గలవాళ్లు. వీళ్లను గుంపు చేరకముందే, పది నిమిషాలు ముందుగా తీసుకెళ్తే చాలు, చాలా తేడా కనిపిస్తుంది. అందరి ముందు "మావాడికి సిగ్గు" అనడం మానేయాలి.

స్వభావం అని సరిపెట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నర వచ్చినా వేలు పెట్టి చూపించకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం, ఇంట్లో చక్కగా మాట్లాడుతూ బడిలో మొదటి నెల దాటాక కూడా ఒక్క మాటైనా మాట్లాడకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆగకుండా పిల్లల డాక్టర్‌ని కలవాలి. పేరుకు తిరగని, మాట రాని పిల్లలకు ముందు వినికిడి పరీక్ష చేయించాలి. ఆటిజం ఉందని తేలితే బలవంతంగా కళ్లలోకి చూడమనడం లక్ష్యం కాకూడదు. కావలసింది అడగడం, వద్దన్నది చెప్పడం, ఇష్టమైన పని పక్కన ఇంకొకరిని చేర్చుకోవడం ముందు రావాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో మామూలుగా ఆడుతున్నప్పుడు తీసిన రెండు మూడు నిమిషాల వీడియోలు కొన్ని తీసుకెళ్లండి. కొత్త గదిలో, కొత్త మనిషి ముందు పిల్లలు చేసి చూపించనివి వాటిలో కనబడతాయి.